ధమనుల దారి అందరిలో ఒకటి కాదు: జాతీయ వైద్య కమిషన్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జాతీయ వైద్య కమిషన్ అధ్యక్షులకు, అండర్ గ్రాడ్యుయేట్ వైద్య విద్యా బోర్డు సభ్యులకు,



భారత వైద్య మండలి 2018లో సిద్ధం చేసి, 2019 ఆగస్టు నుంచి దేశమంతటా అమల్లో పెట్టిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మీ దగ్గరే ఉంది. అందులో అనాటమీ పదహారో అంశం తెరిచి చూడండి. పిరుదు, తొడ వెనుక భాగం అక్కడ ఉన్నాయి. ఈ ప్రాంతంలోని ముఖ్యమైన నరాలు, రక్తనాళాలు ఎక్కడ పుట్టి, ఎటు వెళ్లి, ఎక్కడ ముగుస్తాయో విద్యార్థి చెప్పగలగాలి, చూపగలగాలి అని ఒక వాక్యం ఉంది. పిరుదుకు సూదిమందు వేసేటప్పుడు సయాటిక్ నరం ఎలా దెబ్బతింటుందో వివరించాలని మరో వాక్యం. ట్రెండెలెన్‌బర్గ్ సంకేతం గురించి ఇంకొకటి. ఆ రక్తనాళాలు మనిషి మనిషికీ ఎలా మారతాయో తెలుసుకోవాలని ఆ వరుసల్లో ఒక్క ముక్కా లేదు.

2020 సెప్టెంబరు 25న వైద్య మండలి స్థానంలోకి వచ్చిన మీరు ఈ ప్రణాళికనే పునాదిగా చేసుకున్నారు. మొదటి సంవత్సరం పిల్లలు దీన్నే నిమిషాలు లెక్కపెట్టుకుంటూ చదువుతున్నారు. పుస్తకంలో ఉన్న ఒకే బొమ్మను అందరి ఒంట్లోనూ ఉన్న నిజమని నమ్మి బయటికి వస్తున్నారు. పాఠం అక్కడితో సరిపోతుందన్న మీ ధోరణిని అంగీకరించలేకే ఈ లేఖ.

ఇది పండితులు తమలో తాము తేల్చుకోవలసిన సూక్ష్మమైన చర్చ అని పక్కన పెట్టేయకండి. తుంటి విరిగిన వాడికీ, కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లికీ, పడకపుండ్లతో మంచాన ఉన్న ముసలాయనకూ, ఊళ్లో ఆరెంపీ దగ్గర సూది వేయించుకునే పసివాడికీ ఇందులో వాటా ఉంది.

పుస్తకం చెప్పే కథ తేలికైనదే. కటి కుహరంలో ఇంటర్నల్ ఇలియాక్ ధమని ముందు పాయ, వెనుక పాయ అని రెండుగా చీలుతుంది. వెనుక పాయ నుంచి సుపీరియర్ గ్లూటియల్ ధమని పుట్టి, నడుము నుంచి కిందికి దిగే నరాల మోపుల మధ్యనుంచి దూరి, పిరిఫార్మిస్ అనే కండరానికి పైఅంచున పిరుదులోకి వస్తుంది. ముందు పాయ నుంచి పుట్టే ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ ధమని అదే కండరానికి కిందుగా సయాటిక్ నరం పక్కన బయటపడుతుంది. దాని వెంట ఇంటర్నల్ ప్యూడెండల్ ధమని. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు వస్తాయి.

ఇప్పుడు అసలు శరీరాల్లోకి చూద్దాం. జపాన్‌లోని క్యోటోలో అడాచి బుంతారో అనే అనాటమిస్టు తన దేశస్థుల ధమనుల మీద 1928లో జర్మన్ భాషలో పెద్ద గ్రంథం వెలువరించాడు. పైన చెప్పిన మూడు ధమనులూ ఏది ఏ కాండం నుంచి చీలుతుందన్న దాన్నిబట్టి ఆయన ఐదు రకాలు గుర్తించాడు. మొదటి రకంలో సుపీరియర్ గ్లూటియల్ విడిగా వస్తుంది, మిగిలిన రెండూ ఒకే కాండాన్ని పంచుకుంటాయి. ఇదే ఎక్కువమందిలో కనిపించేది. రెండో రకంలో రెండు గ్లూటియల్ ధమనులూ కలిసి పుట్టి, ప్యూడెండల్ విడిపోతుంది. మూడో రకంలో మూడింటివీ మూడు దారులు. నాలుగో రకంలో మూడూ ఒకే కాండం నుంచి చీలుతాయి. ఐదోది బహు అరుదు. తర్వాత 1998లో అదే దేశపు పరిశోధకులు 645 అర్ధకటుల్లో ఈ చీలికలను మళ్లీ లెక్కగట్టారు. ఇలాంటి అధ్యయనాలన్నింటినీ ముందు పెట్టుకుంటే తేలేది ఒకటే. పుస్తకంలోని బొమ్మకు సరిపోయేవారు అందరికన్నా ఎక్కువే, కానీ సరిపోనివారు కూడా ఎక్కడో మూలనున్న నలుగురు కారు. వార్డులో వరుసగా పడుకున్న రోగుల్లో అలాంటివాళ్లు కొందరు ఉండి తీరతారు.

ఎందుకిలా మారతాయో అర్థమైన విద్యార్థి ఈ విషయాన్ని జన్మలో మరిచిపోడు. పిండం కాళ్లు మొలకెత్తే దశలో అక్కడున్నది ధమని కాదు, సన్నటి రక్తనాళాల అల్లిక. డెల్టాలో గోదావరి పాయల్లా నీరు ఎటు ఎక్కువగా పోతే ఆ దారి వెడల్పవుతుంది, మిగతావి పూడుకుపోతాయి. తొలి నెలల్లో కాలికి రక్తం తెచ్చేది తొడ ముందున్న ఫిమోరల్ ధమని కాదు, వెనుక నుంచి సయాటిక్ నరం వెంట దిగే సయాటిక్ ధమని. మూడో నెలకల్లా ఫిమోరల్ ధమని ఆ బరువు ఎత్తుకుంటుంది, సయాటిక్ ధమని చాలావరకు కరిగిపోతుంది. దాని పైభాగం ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ ధమనిగా మిగులుతుంది. నరాన్ని పోషించే ఒక సన్నటి కొమ్మ కూడా దాని ఆనవాలే.

కొందరిలో అది కరగదు.

పుట్టాక కూడా సయాటిక్ ధమని నిలిచిపోయిన మనిషిని గ్రీన్ అనే వైద్యుడు 1832లోనే వర్ణించాడు. యాంజియోగ్రామ్ లెక్కల ప్రకారం ఇది పదివేలమందిలో రెండుమూడు నుంచి నలుగురిలో కనిపిస్తుంది. వినడానికి అతి తక్కువ. కానీ తెలుగు రాష్ట్రాల జనాభా ముందు ఆ నిష్పత్తిని పెట్టి చూడండి, వేలమంది తేలతారు. వాళ్లలో కొందరికి ఈ ధమనే కాలికి ప్రధాన ఆధారం. కూర్చున్నప్పుడల్లా పిరుదు కింద నలిగి, కాలం గడిచేకొద్దీ అది ఉబ్బి, గడ్డలా తయారవుతుంది. అందులో పేరుకున్న రక్తపు ముద్ద ఊడి కిందికి జారితే పాదం నల్లబడుతుంది. ఉబ్బు సయాటిక్ నరాన్ని నొక్కితే రోగి నడుంనొప్పి, కాలులాగుడు అని వస్తాడు. పిరుదు మీద గడ్డ ఉందని వచ్చినవాడికి చీము గడ్డ అనుకుని కత్తి పెట్టారంటే ఏం జరుగుతుందో మీలో శస్త్రచికిత్స చేసినవారికి చెప్పనక్కర్లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదన్నది గమనించండి. గజ్జల్లో ఫిమోరల్ నాడి తగలదు, మోకాలి వెనుక నాడి మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. కౌవీ సంకేతమని దీనికి పేరు. రెండు వేళ్లతో నాడి చూడగలిగిన హౌస్‌సర్జన్ చాలు. అయితే ఆ రెండు వేళ్ల వెనుక, కాలికి రక్తం ఇంకో దారిన కూడా రావచ్చన్న ఎరుక ఉండాలి. మూత్రపిండం మార్పిడిలో కొత్త కిడ్నీకి రక్తం అందించడానికి తరచూ ఇంటర్నల్ ఇలియాక్ ధమనినే వాడతారు. సయాటిక్ ధమని మీదే కాలు బతుకుతున్న రోగిలో ముందుగా గమనించక ఆ ధమనిని వాడేసుకుంటే కిడ్నీ నిలిచినా కాలు పోయే ప్రమాదం ఉంది. ఆ ఎరుకను విద్యార్థికి ఇవ్వవలసింది ఎవరు? అంత అరుదైనవన్నీ పీజీలో చూసుకుంటారులే అంటారా? పీజీ సీటు రానివాళ్లే కదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మొదట రోగిని చూసేది?

అరుదైన దాన్ని పక్కన పెట్టి రోజూ జరిగేవి చూద్దాం. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. ఇవి ప్రభుత్వం ప్రకటించిన లెక్కలే. ఆ ప్రమాదాల్లో కటి ఎముకలు విరిగినవాళ్ల పరిస్థితి ఆలోచించండి. సుపీరియర్ గ్లూటియల్ ధమని గ్రేటర్ సయాటిక్ నాచ్ అనే ఎముక గండిని ఒరుసుకుంటూ బయటికి వస్తుంది. ఆ గండి దగ్గర ఎముక పగిలితే ధమని తెగడం తేలిక, దాన్ని పట్టుకోవడం కష్టం. పిరుదులోకి వచ్చాక ఈ ధమని కాండం చాలా పొట్టి. తెగిన కొస వెనక్కి ముడుచుకుని కటిలోకి జారిపోతుంది, బయటనుంచి ఎంత వెతికినా చేతికి అందదు. అప్పుడు కడుపులోంచి దాని మూలాన్ని బంధించాలి, లేదా రేడియాలజిస్టు గొట్టం పంపి లోపలే మూసేయాలి. ఏ కాండం నుంచి అది చీలిందో తెలియకుండా మూసివేసే మందును వదిలితే అది పోవలసిన చోటికి పోక, పిరుదు కండరానికీ నరానికీ పోషణ ఆగిపోతుంది.

ఈ ధమని ఎంత మొండిదో శస్త్రచికిత్స చరిత్రకు బాగా తెలుసు. ఎడింబరోకు చెందిన జాన్ బెల్ పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో ప్రచురించిన తన గ్రంథంలో జలగలు పట్టుకుని బతికే ఒకడి కథ రాశాడు. పడవలో కాలుజారి పడితే వెంట ఉన్న పొడవాటి కత్తెర మొన పిరుదులో దిగి గ్లూటియల్ ధమనిని చీల్చింది. అక్కడ పెద్ద ఉబ్బు తయారైంది. బెల్ దాన్ని కోసి తెరిస్తే రక్తం పోటెత్తింది, గాయాన్ని ఇంకా ఇంకా పెంచుకుంటూ పోయి చివరికి ధమనిని పట్టి కట్టాడు. రోగి బతికాడు. 1812లో కరేబియన్ దీవి సెయింట్ క్రాయ్‌లో విలియం స్టీవెన్స్ ఇలాంటి ఉబ్బుకే మరో దారి పట్టాడు. పిరుదు జోలికి పోకుండా కడుపు వైపు నుంచి ఇంటర్నల్ ఇలియాక్ ధమనినే కట్టాడు. ఆ రోగి బానిసగా బతికిన ఒక స్త్రీ, పేరు మైలా. ఆమె కూడా బతికింది. ఇద్దరు వైద్యుల చేతిలోనూ స్కానింగు లేదు, ఉన్నది డిసెక్షన్‌లో సంపాదించిన అనాటమీ.

స్టీవెన్స్ చేసిన ఆ పనినే ఇవాళ మన ప్రసూతి వైద్యులు తల్లిని కాపాడేందుకు చేస్తున్నారు. కాన్పు తర్వాత రక్తస్రావం మందులకూ, కుట్లకూ లొంగనప్పుడు రెండు వైపులా ఇంటర్నల్ ఇలియాక్ ధమనులను కడతారు. వెనుక పాయ చీలిన చోటు దాటాక, ముందు పాయ మీదే ముడి వేయాలని పాఠం. సుపీరియర్ గ్లూటియల్ వెళ్లేది వెనుక పాయలో కనుక దాన్ని వదిలేస్తే పిరుదుకు రక్తం ఆగదు. మరి రెండు గ్లూటియల్ ధమనులూ ఒకే కాండం నుంచి పుట్టిన తల్లి బల్ల మీద ఉంటే? రక్తంలో మునిగిన పొత్తికడుపులో, క్షణాల మీద ప్రాణం వేలాడుతుంటే, చీలిక ఉండాలనుకున్న చోట ఉండకపోతే, ఆ డాక్టరమ్మ చేతులు ఎక్కడ వెతకాలి? మాతృమరణాలకు రక్తస్రావం పెద్ద కారణమని ప్రతి సమావేశంలో చెప్పుకునే మనం, ఆ చేతులకు ముందే ఈ సంగతి నేర్పడానికి ఎందుకు వెనకాడుతున్నాం?

సూదిమందు సంగతి మీ ప్రణాళికలో ఉంది కానీ సగమే ఉంది. సయాటిక్ నరం ఒక్కటే ప్రమాదంలో ఉన్నట్టు రాశారు. పిరుదుకు సూది వేసిన కాసేపటికే అక్కడి చర్మం తెల్లబడి, తర్వాత వల అల్లినట్టు నీలిగీతలు తేలి, రోజుల్లో నల్లబడి కుళ్లిపోయే స్థితిని 1920లలోనే వర్ణించారు. నికొలావ్ సిండ్రోమ్ అంటారు దీన్ని. సూది మొన ధమనిలోకో దాని పక్కకో పోవడం, ధమని బిగుసుకుపోవడం వల్ల చర్మానికీ కండరానికీ రక్తం అందక ఇలా అవుతుందని భావిస్తారు. నొప్పికి వేసే డైక్లోఫెనాక్‌తోనూ, పెన్సిలిన్‌తోనూ జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. జ్వరమొస్తే సూది వేయనిదే వైద్యం జరిగినట్టు కాదనుకునే మన ఊళ్లలో ఎన్ని పిరుదుల మీద ఎన్ని సూదులు దిగుతున్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. పై భాగంలో బయటి పావు మీదే వేయమని నర్సుకు నేర్పేది మీ దగ్గర చదివిన డాక్టరే. అక్కడే ఎందుకు వేయాలో, అక్కడ కూడా సుపీరియర్ గ్లూటియల్ కొమ్మలు ఉంటాయని సూది దించాక ఒకసారి వెనక్కి లాగి చూడటం ఎందుకు మంచిదో ఆ డాక్టరుకే తెలియకపోతే నర్సు ఎవర్ని అడగాలి?

తుంటి కీలు దగ్గరికి వద్దాం. తొడ ఎముక తలకు రక్తం ప్రధానంగా మీడియల్ సర్కమ్‌ఫ్లెక్స్ ఫిమోరల్ ధమని లోతు కొమ్మ నుంచి అందుతుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 24 తుంటి కీళ్లను డిసెక్షన్ చేసి, ఆ కొమ్మ ఏ కండరాల మధ్య ఎలా నడుస్తుందో, ఏ కండరం వదిలిపెడితే అది క్షేమంగా ఉంటుందో 2000లో ప్రచురించింది. ఆ మరుసటి ఏడాదే, తుంటి బంతిని గుంటలోంచి పూర్తిగా బయటికి తెచ్చి శస్త్రచికిత్స చేసినా ఎముక తల చచ్చిపోకుండా చూసే పద్ధతిని 213 తుంటుల అనుభవంతో వివరించింది. అంతకుముందు శస్త్రవైద్యులు చేయడానికి జంకిన పని అది. పాతిక కూడా దాటని కీళ్ల మీద ఓపిగ్గా ఆడిన స్కాల్పెల్ ప్రపంచమంతా వాడే శస్త్రచికిత్సకు దారి తీసింది. ఆ తర్వాతి డిసెక్షన్లు ఇంకో ముడి విప్పాయి. కొందరిలో తొడ ఎముక తలకు పెద్ద దిక్కు మీడియల్ సర్కమ్‌ఫ్లెక్స్ కాదు, ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ ధమని. ఇలాంటి మనుషుల్లో మామూలు కోత వేస్తే, సర్జన్ కాపాడానని అనుకున్నదొకటి, తెంచినదొకటి అవుతుంది.

పడకపుండ్లను మూయడానికి, రొమ్ము తీసేసిన స్త్రీలకు మళ్లీ రొమ్ము నిర్మించడానికి సుపీరియర్ గ్లూటియల్ ధమని సన్నకొమ్మల మీద నిలిచిన చర్మాన్నీ కొవ్వునూ పిరుదు నుంచి తీసి వాడుతున్నారని మీకు తెలిసిందే. ఆ సన్నకొమ్మలు ఎక్కడ పైకి వస్తాయో రోగి రోగికీ డాప్లర్‌తో వెతుక్కోవాలి.

ఇన్ని ప్రాణాలు, ఇన్ని అవయవాలు ఆధారపడ్డ చదువుకు మనం ఎంత సమయం ఇస్తున్నాం? 1997 నిబంధనలతో మొదటి దశ ఏడాదిన్నర నుంచి ఏడాదికి కుదించుకుపోయింది. 2019 ప్రణాళికలో అనాటమీ మొత్తానికి 675 గంటలు. అందులోనే లెక్చర్లు, ఎముకలు, పిండశాస్త్రం, సూక్ష్మ నిర్మాణం, ఎక్స్‌రేలు, స్వయం అధ్యయనం అన్నీ. పిరుదు వంతుకు వచ్చేది కొన్ని పూటలే.

ఆ పూటల్లో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. భౌతిక కాయాన్ని బోర్లా పడుకోబెడతారు. చర్మం, దాని కింద మందపాటి కొవ్వు తీశాక గ్లూటియస్ మాక్సిమస్ కనిపిస్తుంది, ముతక పోగులన్నీ ఏటవాలుగా దిగుతూ. దాన్ని పుట్టిన చోట కోసి బయటికి తిప్పాలి. తిప్పుతున్నప్పుడే కండరం లోపలి ముఖంలోకి దూరే ధమని కొమ్మ ఒకటి బిగుసుకుని అడ్డం పడుతుంది. తొందరపడ్డ చేతిలో అది టక్కున తెగిపోతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో ఇక తెలియదు. నెమ్మదిగా ఫోర్సెప్స్‌తో చుట్టూ ఉన్న కొవ్వును రేణువు రేణువుగా పీకుతూ పోతే ఆ కొమ్మ పిరిఫార్మిస్ పైఅంచు దగ్గరికి తీసుకుపోతుంది. ఆ కండరానికి కిందుగా సయాటిక్ నరం, బొటనవేలంత లావున. దాని పక్కన ఇన్‌ఫీరియర్ గ్లూటియల్. అప్పుడు పక్క టేబుల్ దగ్గర గుంపుగా నిలబడ్డ పిల్లలు "మా దాంట్లో ఇలా లేదు మేడమ్, ఒకటే పెద్ద ధమని ఉంది" అంటారు. ఆ వాక్యం కోసమే డిసెక్షన్ హాలు ఉండాలి. రెండు బల్లల మధ్య తేడా చూసిన పిల్లవాడికి మనుషులు వేరువేరన్నది వేళ్లలోకి ఎక్కుతుంది.

ఆ వాక్యం అన్నాక మన దగ్గర ఏం జరుగుతోంది? టీచరు ఒక్క క్షణం చూసి "వేరియేషన్, పుస్తకంలో ఉన్నదే రాసుకోండి" అని ముందుకు సాగుతారు. తప్పు ఆ టీచరుది కాదు. పరీక్షలో అడగని దాన్ని, గంటల్లో చోటు లేని దాన్ని, నమోదు చేయమని ఎవరూ చెప్పని దాన్ని ఆమె ఏ బలంతో నిలబెట్టగలదు? శ్రద్ధ ఉన్న కొందరు అధ్యాపకులు తమ హాల్లో కనిపించిన వింతలను ఫొటోలు తీసి కేస్ రిపోర్టులుగా రాస్తూనే ఉన్నారు, మన దేశపు అనాటమీ విభాగాలు ఈ పనిలో వెనకబడినవేమీ కావు. కానీ వింతను రాయడం వేరు, కనిపించిన ప్రతి శరీరాన్నీ లెక్కలోకి తేవడం వేరు. లండన్‌లో రిచర్డ్ క్వెయిన్ వెయ్యికి పైగా శరీరాల్లో ధమనులను ఓపిగ్గా గమనించి, జోసెఫ్ మెక్లీస్ గీసిన నిలువెత్తు బొమ్మలతో 1844లో గ్రంథం తెచ్చాడు. మామూలుగా ఉన్నదాన్నీ లెక్కపెట్టాడు కనుకనే ఎంతమందిలో మారిందో చెప్పగలిగాడు. జపాన్ తన ప్రజల ధమనులను 1928కల్లా లెక్కగట్టుకుంది. ఏటా ఇన్ని వందల డిసెక్షన్ హాళ్లు నడిపే భారతదేశానికి తన ప్రజల గ్లూటియల్ ధమనుల జాతీయ పట్టిక ఏది?

ఈ మధ్య కాలేజీల ప్రకటనల్లో వర్చువల్ డిసెక్షన్ టేబుల్ మెరుస్తోంది. వేలితో తాకితే చర్మం తొలగి కండరం, కండరం తొలగి ధమని. దాని ఉపయోగం దానికి ఉంది. సీటీ యాంజియోగ్రామ్ బొమ్మలను చదవడం నేర్పడానికి అది చాలా మేలైన సాధనం. కానీ దాని లోపల ఉన్నది ఎవరు? అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో విడుదల చేసిన 'విజిబుల్ హ్యూమన్' పురుష దేహం ఒకే ఒక్క మనిషిది, 1 మిల్లీమీటరు మందాన కోసి ఫొటోలు తీసింది. మరుసటి ఏడాది స్త్రీ దేహం, అదీ ఒకరిదే. తెర మీద ఆడే శరీరాలన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అక్కడ ఇవాళ చూసిన చీలికే రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. పక్క బల్ల మీదా అదే శరీరం. "మా దాంట్లో ఇలా లేదు" అన్న మాట ఆ గదిలో ఎప్పటికీ వినబడదు.

మరి కొరత మాటేమిటి అంటారు. నిజమే, కొరత ఉంది. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు 2014లో 51 వేల చిల్లర, ఇప్పుడు లక్ష దాటాయి. తెలంగాణలో జిల్లా జిల్లాకూ వైద్య కళాశాల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో ఒకే రోజున విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో అయిదు ప్రారంభమయ్యాయి. పల్లె పిల్లలకు ఇంటిదగ్గరే డాక్టరు చదువు దొరకడం సంతోషించవలసిన సంగతి. అనుమతులిచ్చేటప్పుడు భవనం కొలతలు, పడకల సంఖ్య, అధ్యాపకుల హాజరుతో సహా పరిశీలించే మీరు, ఒక్కో విద్యార్థి నిజంగా ఎన్ని శరీరాల పక్కన నిలబడ్డాడో ఎందుకు అడగరు?

ఇచ్చే చేతులు లేక కాదు. సీపీఎం నేత సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న కన్నుమూస్తే ఆయన దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది. సరిగ్గా నెలకు హైదరాబాద్‌లో మరణించిన ఢిల్లీ విశ్వవిద్యాలయ మాజీ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం గాంధీ వైద్య కళాశాలకు చేరింది. పేరున్నవాళ్ల గురించి పత్రికలు రాస్తాయి. పేరులేని ఎందరో రిటైర్డ్ టీచర్లు, రైతులు, గృహిణులు సంతకం చేసిన దేహదాన పత్రాలను బీరువాలో భద్రంగా పెట్టుకుని, పిల్లలకు చెప్పి మరీ పోతున్నారు. అర్ధరాత్రి మరణం సంభవిస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, అంబులెన్సు ఎవరు పంపుతారు, ఏ కాగితాలు కావాలి అన్నవి జిల్లా జిల్లాకూ ఒక్కో తీరుగా ఉంటే, ఏడుస్తున్న ఇల్లు ఆ తిరుగుళ్లు తిరగగలదా? ఆదివారం హాలుకు తాళం వేసి ఉందన్న మాట విని ఆ కుటుంబం శ్మశానం వైపు నడిస్తే దోషం ఎవరిది?

కర్మకాండలను కూడా పక్కనపెట్టి, బంధువుల మాటలు పడి, తమ మనిషిని చదువు కోసం మీకప్పగించిన కుటుంబానికి మీరు పడ్డ బాకీ ఏమిటి? ఆ శరీరంలో ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం, చూసింది రాసి ఉంచడం. ఒక్కో దేహంలో కుడి ఎడమలు కూడా ఒకేలా ఉండవు. ఒక వైపు అడాచి మొదటి రకం ఉంటే రెండో వైపు మూడో రకం ఉండొచ్చు. ఇవాళ అదంతా ఏ కాగితం మీదికీ ఎక్కకుండా విద్యా సంవత్సరం చివర కాలి బూడిదైపోతోంది. బయటి దేశాల లెక్కలను మన రోగుల మీద అంచనాగా వేసుకుని నెట్టుకొస్తున్నాం.

మీ అధికారంలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి, వాటికి పార్లమెంటు చట్టాలు అక్కర్లేదు. పదహారో అంశంలో గ్లూటియల్ ధమనుల ప్రధాన వైవిధ్యాలనూ, నిలిచిపోయిన సయాటిక్ ధమనినీ, కౌవీ సంకేతాన్నీ చేర్చండి. వాటి మీద ప్రాక్టికల్ పరీక్షలో ప్రశ్న ఉండాలని విశ్వవిద్యాలయాలకు రాయండి. అలా రాయకపోతే ఏ కాలేజీలోనూ అది పాఠం కాదని మీకూ తెలుసు. వర్చువల్ టేబుల్ కొన్న కాలేజీకి దేహాల సంఖ్యలో మినహాయింపు ఉండదని స్పష్టంగా చెప్పండి. దేహదానానికి దేశమంతటా ఒకే నమూనా పత్రం, ప్రతి కాలేజీలో పగలూ రాత్రీ పలికే ఒక ఫోన్, వారాంతాల్లోనూ తెరిచే ఒక గది అనుమతుల షరతుల్లోకి రావాలి. మొదటి దశకు పోయిన ఆరు నెలలు తిరిగి ఇవ్వగలరా లేదా అన్నది కూడా తేల్చండి. ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేరో ప్రజలకు చెప్పండి.

ఇక అన్నిటికన్నా తేలికైన పని ఒకటి. విద్యార్థి డిసెక్షన్ రికార్డు పుస్తకంలో ప్రతి ప్రాంతానికీ ఒక పేజీ కేటాయించండి. తన బల్ల మీద ఉన్న దేహంలో కుడివైపు ధమని ఎలా చీలింది, ఎడమవైపు ఎలా చీలింది, సెంటీమీటర్లలో కొలతలు, చేత్తో గీసిన బొమ్మ, టీచరు సంతకం. దాత పేరు అక్కర్లేదు, వయసు, ఆడా మగా చాలు. ఏడాది చివర ఆ పేజీలన్నీ విభాగాధిపతి ద్వారా మీ దగ్గరికి చేరి, ఒకచోట కూడి, అందరూ చూసుకునేలా వెలువడాలి. ఇందుకు కావలసింది ఒక సర్క్యులర్. వచ్చే విద్యాసంవత్సరం తరగతులు మొదలయ్యేలోగా దాన్ని జారీ చేస్తారా? చేయకూడదనుకుంటే అందుకు కారణాలను ఇదే విధంగా, బహిరంగంగా, సంతకంతో తెలియజేస్తారా?

ఇట్లు,
వైద్యవిద్య మేలు కోరే ఒక పౌరుడు